కొట్టం ఖాళీ కానిదే ఊరు ఖాళీ కాదు

(తిరుపతిలో పశువైద్య విద్యార్థులు, రైతు సేవా కేంద్రాల పశుసంవర్ధక సహాయకులు, సహాయ శిబిరాల్లో పనిచేసే కార్యకర్తలు కలిసి కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం.

ఒక ఊరు ఖాళీ చేయించాలి అనుకోండి. రాత్రి పదకొండయింది. వాన ఆగలేదు. పైన చెరువు కట్ట జారుతోందని కబురొచ్చింది. బస్సులొచ్చి రచ్చబండ దగ్గర నిలబడ్డాయి. ఆడవాళ్లు ఎక్కారు, పిల్లలు ఎక్కారు, ముసలివాళ్లను ఎత్తి కూర్చోబెట్టారు. ఇంటికొక మనిషి మాత్రం ఎక్కడు. బతిమాలినా ఎక్కడు, గద్దించినా ఎక్కడు. ఎందుకెక్కడు? మొండితనమా? కాదండీ. కొట్టంలో రెండు జెర్సీ ఆవులున్నాయి. ఒకటి నిండు చూలుతో ఉంది. వాటిని గుంజకు కట్టేసి పొమ్మంటే ఎట్లా పోతాడు?

మన దగ్గరివాళ్లకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 2021 నవంబరు గుర్తుంది కదా. స్వర్ణముఖి పొంగింది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడితే కింది పల్లెల్ని ఖాళీ చేయించారు. అదే నెల 19న కడప జిల్లాలో చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ల మీద పడింది ఆ నీళ్లు. మనుషులు పోయారు. కట్టుకొయ్యల దగ్గరున్న గొడ్లు పోయాయి.

నేను ఈరోజు చెప్పదలుచుకున్నది ఒకటే మాట, దాన్నే నాలుగు వైపుల నుంచి చెబుతాను. మనుషుల్ని కదిలించే పథకం రాసేటప్పుడు పశువును చివరి పేజీలో రాస్తున్నాం. మొదటి పేజీలో రాయాలి. ఎందుకంటే ఆ ఇల్లు ఎప్పుడు కదులుతుంది, ఎంత దూరం పోతుంది, ఎప్పుడు వెనక్కి వస్తుంది, కొత్తచోట నిలబడుతుందా లేదా, ఇవన్నీ పశువును బట్టే తేలుతున్నాయి. మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా తేలుతున్నాయి.

ఇల్లు వదిలి పోవడం అంటే ఒకటే రకం కాదు. వరదకో తుపానుకో పది రోజులు పోయేవాళ్లున్నారు. ప్రాజెక్టు కింద ఊరు మునిగి ఎప్పటికీ పోయేవాళ్లున్నారు. కరువుకు మేత వెతుక్కుంటూ మందతో పోయేవాళ్లున్నారు. యుద్ధానికి సరిహద్దు దాటేవాళ్లున్నారు. నలుగురికీ పశువు ఉంటుంది. నలుగురికీ దాని కష్టం వేరు. ఒక్కొక్కటి చూద్దాం. మొదటిదాని మీద ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మీలో ఎక్కువమంది చేతికి వచ్చే పని అదే.

తరలింపు వానాకాలానికి ముందే మొదలవ్వాలి. మే నెలలోనే ఊరి జాబితా రాసుకోండి. ఏ ఇంట్లో ఎన్ని పెద్ద గొడ్లు, ఎన్ని దూడలు, ఎన్ని జీవాలు (అంటే మేకలు, గొర్రెలు), చూలువి ఎన్ని, నడవలేనివి ఎన్ని. చెవిపోగు ఉందా లేదా. పన్నెండు అంకెల పసుపు చెవిపోగు చాలామంది పశువులకు వేయించారు, కానీ ఊడిపోయినవాటికి మళ్లీ వేయించరు. అదే ఏమవుతుందంటే, రేపు నీళ్లలో పది ఆవులు కొట్టుకొచ్చి ఇంకో ఊరి దగ్గర తేలితే, ఎవరివో తెలియదు. ప్రాణంతో దొరికినా ఇంటికి చేరదు, చనిపోయినా పరిహారం రాదు. కాబట్టి ఇంకో పని చేయించండి. యజమాని పశువు పక్కన నిలబడి, చెవిపోగు కనిపించేట్టు, ఒక ఫోటో. ఆ ఫోటో తన ఫోన్లో ఒకటి, ఊరు దాటి ఉన్న చుట్టాల ఫోన్లో ఒకటి. ఫోను నీళ్లలో పడితే ఫోటో కూడా పడుతుంది కదా, అందుకు రెండోది.

ముందే చేయాల్సిన ఇంకో పని, టీకాలు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే పడాలి. జీవాలకు చిటుక రోగం టీకా కూడా అంతే. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. శిబిరం పెట్టిన రోజు టీకాల పెట్టె పట్టుకొని వస్తారు. టీకా వేసిన తర్వాత రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఈరోజు వేసింది రేపటి గొంతువాపును ఆపదు. పైగా కరెంటు లేని ఊరిలో టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఐసు కరిగిపోయిన పెట్టెలోది వేస్తే నీళ్లు ఎక్కించినట్టే. వేయొద్దనడం లేదు. దాని మీదే నమ్మకం పెట్టుకోవద్దంటున్నాను.

ఇక కదిలించడం. నడిపించుకుపోగలిగితే అంత మంచిది ఇంకోటి లేదు. ఎత్తైన చోటు ముందే చూసిపెట్టుకోవాలి. అక్కడికి పోయే దారిలో వంక దాటాల్సి వస్తుందా? వస్తే ఆ దారి దారే కాదు, ఇంకోటి వెతకండి. ఆవులను రోజుకు ముప్పై, బర్రెలను ఇరవై అయిదు కిలోమీటర్లకు మించి నడిపించకూడదు, చూలువాటిని అందులో సగం కూడా వద్దు. ముందు ఊరికి అలవాటైన ముసలి ఆవును నడిపించండి, మిగిలినవి దాని వెనకాల వస్తాయి. ఆ సంగతి కాపరులకు తెలుసు, మనమే వాళ్లనడగం.

లారీ అయితే, ఒక్కో లారీలో పెద్ద పశువులు ఆరుకు మించకూడదని రవాణా నిబంధన. తలలు ఇంజను వైపు ఉండాలి. అడుగున గడ్డి పరచాలి, లేకపోతే తడి ఇనుప రేకు మీద కాళ్లు జారి కూలబడుతుంది, కూలబడినదాన్ని మిగిలినవి తొక్కుతాయి. ఎక్కించడానికి ర్యాంపు కావాలి. ర్యాంపు లేని చోట మట్టిగట్టుకు లారీ వెనకభాగం ఆనించి ఎక్కించండి. నలుగురు పట్టుకొని తోక మెలిపెట్టి ఎత్తడం వద్దు, చూలు ఆవులు ఈసుకుపోయేది అక్కడే. దూడను ముందు ఎక్కిస్తే తల్లి తనంతట తాను ఎక్కుతుంది. జీవాలను పెద్ద గొడ్లతో కలపొద్దు.

మరి టైము లేదు. నీళ్లు వాకిట్లోకి వచ్చేశాయి. అప్పుడు? పలుపు కోసేయండి. కొట్టం తలుపు తీసేయండి. దీన్ని పెద్దగా చెబుతున్నాను, మళ్లీ చెబుతున్నాను: పలుపు కోసేయండి. వరదలో గొడ్లు చచ్చేది ఈదలేక కాదు, కట్టేసి ఉండి. ఆవు ఈదుతుంది, బర్రె ఇంకా బాగా ఈదుతుంది. మూకుతాడు కూడా వదులు చేయండి, కంపకు తట్టుకుంటే మునిగిపోతుంది. ఊరి దండోరా వేసేవాళ్లకు ఈ ఒక్క మాట నేర్పినా చాలు.

శిబిరంలో పశువులు

ఇప్పుడు చేరారు. హైస్కూల్లోనో కల్యాణ మండపంలోనో మనుషులు, బయట గొడ్లు. ఏం కావాలో చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి.

వంద పెద్ద పశువులు అనుకుందాం. ఒక్కోదానికి రోజుకు సగటున యాభై లీటర్ల నీళ్లు. అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకరు రోజుకొకటి, పశువులకే. పాలిచ్చేవి ఎక్కువుంటే ఇంకా కావాలి. శిబిరాల్లో జరిగేది ఏమిటి? మనుషులకని ఒక ట్యాంకరు తెస్తారు. ఆడవాళ్లు అందులో సగం బకెట్లతో మోసుకుపోయి గొడ్లకు పోస్తారు. తర్వాత తాగేదానికి లేదని గొడవ. ఎవరిది తప్పు? లెక్క రాయనివాడిది. బ్లీచింగు పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, కలిపి అరగంట ఆగాక వాడాలి. ఎక్కువ వేస్తే వాసనకు పశువు తాగదు.

మేత, ఒక్కోదానికి బతికి ఉండేదానికి ఆరు కిలోల ఎండుగడ్డి, ఒక కిలో దాణా. వందకు రోజుకు ఆరు వందల కిలోల గడ్డి. తవుడు, చెనక్కాయ చెక్క కలిపిన దాణా అయితే మంచిది. ఇది పాలు పెంచే మేత కాదు, ప్రాణం నిలిపే మేత. సైలేజీ, అంటే గాలి తగలకుండా మాగబెట్టిన పచ్చిమేత, ఇచ్చేవాళ్లు ఉంటే సంతోషమే, కానీ ఎప్పుడూ తినని గొడ్డుకు మొదటిరోజే ఇరవై కిలోలు పడేస్తే కక్కలేక మింగలేక విరేచనాలు పట్టుకుంటాయి. నాలుగయిదు రోజుల్లో కొంచెం కొంచెం మార్చాలి. మేత నేల మీద వేయొద్దు, బురదలో సగం పోతుంది. గాడి లేకపోతే టార్పాలిను మీద వేయండి. ఒక్కో పశువుకు రెండు, రెండున్నర అడుగుల గాడి పొడవు ఉండాలి, లేకపోతే కొమ్ములున్నది తింటుంది, లేనిది చూస్తుంది.

నీడ ఒక్కోదానికి నలభై చదరపు అడుగులు. జీవానికి పది, పన్నెండు. పేడ రోజుకు ఒక్కో పెద్ద గొడ్డు పది, పదిహేను కిలోలు వేస్తుంది. వందకు టన్ను, టన్నున్నర. దాన్ని ఎత్తేది ఎవరు, పోసేది ఎక్కడ? ఇది మొదటి రోజే తేల్చాలి. మనుషులుండే చోటికీ, తాగునీటి బోరుకూ కనీసం ముప్పై మీటర్లు ఎడం ఉండాలి, వాలు అటువైపు ఉండాలి. అట్లాగని అర కిలోమీటరు దూరంలో కట్టించారో, యజమాని రాత్రంతా అక్కడే పడుకుంటాడు. మళ్లీ శిబిరం సగం ఖాళీ. చూపుమేరలో ఉండాలండీ. తల ఎత్తి చూస్తే తన ఆవు కనిపించాలి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. శిబిరంలో ఆవులు వరదకు కాదు, అన్నానికి చస్తాయి. మిగిలిన అన్నం, పులిసిన సాంబారు అన్నం, తడిసి మొలకెత్తిన బియ్యం, వృథా పోతుంది కదా అని గొడ్డుకు పెడతారు. పెట్టేవాళ్లది మంచి మనసే. పిండి పదార్థం ఒక్కసారిగా పడితే కడుపులో పులుపు పెరిగిపోతుంది. మేత మానేస్తుంది, నెమరు వేయదు, కడుపు బిగుస్తుంది, పుల్లటి వాసనతో నీళ్ల విరేచనాలు అవుతాయి, ఆఖరికి తూలి పడిపోతుంది. కనిపెట్టిన వెంటనే పెద్ద ఆవుకు నూరు నుంచి నూటయాభై గ్రాముల వంటసోడా లీటరు, రెండు లీటర్ల నీళ్లలో కలిపి తాగించండి. తల పైకెత్తి పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు వీపు మట్టానికి మించకూడదు. అన్నం ఆపేసి ఎండుగడ్డి వెయ్యండి, డాక్టరుకు కబురు చేయండి. పడిపోయాక సోడాతో లేవదు. వంటశాల దగ్గర ఒక బోర్డు పెట్టించండి, మిగిలిన అన్నం గొడ్లకు వేయవద్దు అని. పొట్లాల ప్లాస్టిక్కు కవర్లు కూడా అంతే. ఉప్పు రుచికి వాటిని నమిలి మింగేస్తాయి, నెల తర్వాత తెలుస్తుంది దాని పని.

మూడు రోజులు నీళ్లలో నిలబడితే గిట్టల మధ్య పుండ్లు పడతాయి. వందకు అయిదు పాళ్ల మైలుతుత్తం ద్రావణంలో కాళ్లు ముంచండి, అంటే పది లీటర్ల నీళ్లకు అర కిలో. తర్వాత ఆ నీళ్లు గొడ్లు తాగే చోట పారబోయొద్దు, జీవాలకు అది విషం. పాలిచ్చే ఆవును పిండకుండా వదిలేయొద్దు. పాలు సగానికి పడిపోతాయి, అయినా రెండు పూటలా పిండాలి, లేకపోతే పొదుగువాపు వస్తుంది. పొదుగువాపుతో ఒక చన్ను పోయిందంటే ఆ ఆవు ధర సగమయిపోయినట్టే. పాలకేంద్రం దూరమయింది, పోసేవాళ్లు లేరు అంటారా? కాచి శిబిరంలో పిల్లలకు ఇవ్వండి. లెక్క రాసి, ఆ ఇంటికి డబ్బు ఇప్పించండి. ఉచితంగా తీసుకోవద్దు. ఇంటిని పోగొట్టుకున్నవాడి దగ్గర ఉన్న ఒకే రాబడి అది.

చనిపోయినవాటి విషయం. ఒక్క ఆవు ఉన్నట్టుండి పడిపోయి ముక్కునుంచి, వెనకనుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు వస్తే దాన్ని కోయొద్దు, చర్మం తీయొద్దు. అది దొమ్మ కావచ్చు, మనుషులకూ అంటుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు ఆరడుగుల లోతు గుంటలో, పైనా కిందా సున్నం వేసి పూడ్చాలి. మిగిలిన కళేబరాలకు కూడా బావులకూ చెరువుకూ దూరంగా, ఊటనీళ్లు రాని చోట గుంట తియ్యాలి. పూడ్చకముందే ఫోటో, చెవిపోగు అంకె, డాక్టరు ధ్రువీకరణ. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ ఇంటికి రూపాయి రాదు.

రూపాయల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సహాయ ప్రమాణాల్లో పాలిచ్చే ఆవుకో బర్రెకో 37,500 రూపాయలు. మేకకు, గొర్రెకు 4,000. ఎద్దుకు 32,000. దూడకు, గాడిదకు 20,000. కోడికి 100, ఇంటికి మొత్తం 10,000 మించకుండా. ఇంటికి మూడు పెద్ద పాడి పశువులకు గాని, ముప్పై చిన్నవాటికి గాని మించి లెక్కలోకి రావు. పశు శిబిరాల్లో మేతకు రోజుకు పెద్ద పశువుకు 80, చిన్నదానికి 45. ఇవి ఊరిలో ఎంతమందికి తెలుసు? నూటయాభై గొర్రెల మంద పోయిన కాపరికి ముప్పైకే లెక్క కడతారంటే, మిగిలిన నూటఇరవై ఎవరు తీరుస్తారు? మందను నమ్ముకున్న ఇంటికి ఈ పరిమితి సరిపోదని మనం ప్రతి నివేదికలోనూ రాయాలి.

ఇంకోటి. పరిహారం పేరు మగవాళ్ల మీద పడుతుంది. ఇంట్లో కోళ్లు, రెండు మేకలు ఎవరివండీ? ఆడవాళ్లవి. ఆ గుడ్ల డబ్బుతోనే బడి పుస్తకాలు కొంటారు. జాబితా రాసేటప్పుడు వాకిట్లో నిలబడిన మగమనిషినే అడిగి వచ్చేస్తే ఆ కోళ్లు జాబితాలోకి రావు. లోపలికి పిలిచి ఆమెను అడగండి.

కాలనీకి పోయిన ఆవు

ఇప్పుడు రెండోది. ప్రాజెక్టు కింద ఊరు పోయింది. మన రాష్ట్రంలో గాలేరు-నగరి అనండి, పోలవరం అనండి, ఊళ్లు కదిలాయి, కదులుతున్నాయి. 2013 భూసేకరణ చట్టం, 2014 జనవరి 1 నుంచి అమలయింది, ఇందులో పశువుల గురించి ఏముందో మీరు చదివి ఉంచుకోండి. రెండో షెడ్యూలులో సామాన్లు, పశువులు తరలించడానికి కుటుంబానికి 50,000 రూపాయలు ఉంది. పశువులున్న ఇంటికి కొట్టం కట్టుకోవడానికి 25,000కు తగ్గకుండా ఉంది. మూడో షెడ్యూలులో పునరావాస కాలనీకి పశువుల తాగునీరు ఉంది, మేత బీడు ఉంది, పశువైద్య కేంద్రం ఉంది. కాగితం మీద ఎంత బాగా రాశారో చూడండి. మరి మేత బీడు ఏ కాలనీ పక్కన కనిపిస్తుంది?

లెక్క వేసి చూద్దాం. అయిదు సెంట్ల స్థలం ఇచ్చారనుకోండి. అంటే 2,178 చదరపు అడుగులు. రెండు ఆవులకు కప్పు కింద ఎనభై, బయట నూటయాభై చదరపు అడుగులు చాలు. స్థలం సరిపోతుంది. సరిపోనిది ఏమిటి? ఒక ఆవుకు రోజుకు ఆరు కిలోలు, రెండింటికి ఏడాదికి నాలుగు టన్నులకు పైగా గడ్డి. ఆ వామి ఎక్కడ వేస్తారు? పేడగుంట ఎక్కడ? ఇళ్లన్నీ వరసగా రోడ్డుకు అతికించి కట్టేస్తే ఆవు పెరట్లోకి ఏ దారిన పోతుంది, పడకగదిలోనుంచా? ఇంటి వెనక ఎనిమిది అడుగుల సందు ఒకటి వదిలేస్తే ఇవన్నీ తీరిపోతాయి. ప్లాను గీసేటప్పుడు ఒక పశువుల డాక్టరును పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు.

అది జరగదు కాబట్టి ఏమవుతుంది? ముందు ఎద్దులు అమ్ముతారు. సేద్యం లేదు కదా. తర్వాత మేకలు, ఎందుకంటే పక్కింటివాళ్ల చెట్లు తింటున్నాయని తగాదా. ఆఖరుగా ఆవు. దళారులకు తేదీ ముందే తెలుసు. ఊరు ఖాళీ చేయాల్సిన వారం ముందు వచ్చి దిగుతారు, సంతలో పలికే ధరలో సగానికి పట్టుకుపోతారు. మూడోదైన కరువులో జరిగేదీ ఇదే. అందరూ ఒకేసారి అమ్ముతారు, ధర పడిపోతుంది. వాన వచ్చాక అందరూ ఒకేసారి కొంటారు, ధర ఎక్కిపోతుంది. నష్టం రెండుసార్లు. దీనికి మందు ఒకటే: ఊరు కదలడానికి ఆరు నెలల ముందు మేత ఏర్పాటు. కాలనీ పక్కన నీళ్లున్న అరెకరంలో సూపర్ నేపియర్ గడ్డి కణుపులు నాటించండి, రెండున్నర నెలలకు మొదటి కోత వస్తుంది. పాత ఊరి గడ్డి వాములు వదిలి రాకుండా తరలింపు డబ్బులోనే వాటికీ ట్రాక్టరు కట్టించండి.

ఉన్న వరిగడ్డిని మెరుగుచేసే పద్ధతి మీకు తెలిసిందే, అయినా తప్పులు చెబుతాను. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్ల నీళ్లు. పొర పొరకూ చల్లి, తొక్కి, టార్పాలిను కప్పి 21 రోజులు. తీసి ఆరబెట్టి, ఘాటు పోయాక వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. నాలుగు కిలోలు చోటే ఆరు వేస్తే ఎక్కువ బలం అనుకుంటారు, విషం అవుతుంది. కలిపిన నీళ్ల బకెట్టు దాహంతో ఉన్న ఆవు ముందు మరిచిపోయారంటే అంతే. కాబట్టి పది రోజుల వరద శిబిరంలో ఇది వద్దు, నిలకడగా ఉండే కాలనీలోనే. కరువు తర్వాత మొదటి వానకు మోడు నుంచి లేచిన జొన్న పిలకలు కూడా చూసుకోండి. నాము, అంటే లేత జొన్నలో ఉండే విషం, తగిలితే నిమిషాల్లో పడిపోతుంది. మోకాలెత్తు జొన్నలోకి ఆకలి గొడ్లను తోలొద్దు.

ఇక నాలుగోది, సరిహద్దు దాటినవాళ్ల సంగతి కొంచెం. ఇది మనకు దూరం కదా అనుకోవద్దు, నేర్చుకునేది ఉంది. 1975 నుంచి అల్జీరియాలో తిందూఫ్ దగ్గర ఎడారిలో ఉన్న, పశ్చిమ సహారా నుంచి వచ్చిన సహ్రావీ శరణార్థులు యాభై ఏళ్లుగా మేకల్ని సాకుతున్నారు. గడ్డి పోచ లేని చోట వంటింటి తొక్కలు, అట్టపెట్టెలు మేపుతున్నారు. ఎందుకంత కష్టం? ఎవరో పంచిపెట్టే డబ్బాల మధ్య పాలు, మాంసం తమ చేతుల్లోవి ఉండాలని. మాలి నుంచి 2012లో మౌరిటానియాలోని మ్బెరా శిబిరానికి వచ్చిన పశుకాపరులు మందలతో సహా వచ్చారు. దాంతో అక్కడి పల్లెవాళ్ల బావుల మీద, బీళ్ల మీద ఒత్తిడి పడింది. అందుకే శరణార్థుల పశువులకు టీకా వేస్తే పక్క పల్లె పశువులకూ వేయాలి, బోరు వేస్తే ఇద్దరూ తాగేట్టు వేయాలి. లేకపోతే వచ్చినవాళ్లకూ ఉన్నవాళ్లకూ మధ్య మొదటి తగాదా నీళ్లతొట్టి దగ్గరే. సూడాన్‌లోని దార్ఫుర్ శిబిరాల్లో నీళ్లు, కట్టెలు మోసింది గాడిదే. గాడిద మేత లేక చనిపోతే ఆ బరువు ఆడవాళ్ల తల మీదికి వచ్చింది, కట్టెలకు దూరం నడిచిపోతే వాళ్ల మీద దాడులు జరిగాయి. అప్పుడు గాడిద మేత అనేది ఆడవాళ్ల రక్షణ ఖర్చు అవుతుందా కాదా?

అడవి జంతువు కూడా ఈ కథలో ఉంది. 2017లో రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ కొండలకు వచ్చినప్పుడు గుడారాలు వేసింది ఏనుగుల దారిలో. కొద్ది నెలల్లో పది మందికి పైగా తొక్కుడుకు చనిపోయారు. తర్వాత శరణార్థులకే శిక్షణ ఇచ్చి, కావలి మంచెలు కట్టి, ఏనుగు వస్తే ఎవరు అరవాలి, ఎవరు దారి ఇవ్వాలి అని దళాలు పెట్టారు. పలమనేరు, కుప్పం నుంచి వచ్చినవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చి మన కౌండిన్య అడవిలో ఉండిపోయిన ఏనుగులు కూడా చోటు పోగొట్టుకుని వచ్చినవే. వాటి దారిలో ఏ కాలనీ వేసినా కష్టం ఇద్దరిదీ.

కుక్కల గురించి అడుగుతారు, ఎప్పుడూ అడుగుతారు. 2005లో అమెరికాలో కత్రినా తుపానుకు పెంపుడు జంతువుల్ని రానివ్వరని చాలామంది ఇళ్లు వదలలేదు. మరుసటి ఏడాదే చట్టం మార్చి, తరలింపు పథకంలో పెంపుడు జంతువులు ఉండాల్సిందే అన్నారు. మన శిబిరాల్లో కుక్క ఇంటి వెనకే నడిచి వస్తుంది, తరిమేస్తారు. తరిమితే ఊరికుక్కలతో కలుస్తుంది, కొట్లాడుతుంది, కరుస్తుంది. కట్టేసుకోనివ్వండి, టీకా వేయండి. చుట్టుపక్కల కుక్కల్లో నూటికి డెబ్బైకి టీకా పడితే పిచ్చికుక్క జబ్బు పాకదు. కరిస్తే మాత్రం పసరు కట్లు, కారం పెట్టడం వద్దు. సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి.

చివరగా, పోయిన పశువుల బదులు కొత్తవి ఇవ్వడం. అందరికీ ఇదే ఇష్టం, ఫోటో బాగా వస్తుంది. తొందరపడొద్దు. మేత, నీళ్లు, కొట్టం ఉన్నాయా చూసిన తర్వాతే. దాణా కొనలేని ఇంటికి హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాడి జాతి) ఆవు ఇస్తే ఆరు నెలల్లో అప్పుతో సహా పోతుంది. ఆ ఇంటికి నాలుగు నాటు మేకలు, లేదా నెల్లూరు జాతి గొర్రెలు నయం. ఒకే సంతలో వంద కొనకండి, ధర మీరే పెంచినవాళ్లు అవుతారు. దగ్గరి మూడు నాలుగు సంతల్లో పంచి కొనండి. తెచ్చినవాటిని ఊరి మందలో కలపకుండా 21 రోజులు వేరుగా ఉంచండి, పారుడు రోగం తెచ్చేది ఆ కొత్త మేకే. ఏ జాతి కావాలో ఆ ఇంటివాళ్లనే ఎంచుకోనివ్వండి. కోళ్లిస్తే రాత్రి గూడు కూడా ఇవ్వండి, ఒక్కో కోడికి ఒక చదరపు అడుగు. కోడిపిల్లలకు ఏడో రోజు లసోటా టీకా చుక్క కంట్లో, ఎనిమిదో వారం ఆర్2బి టీకా సూది. ఇవి వేయకుండా పంచిన కోళ్లు కొక్కెర తెగులుకు మొదటి చలికాలమే దాటవు.

టీ తాగిన తర్వాత బయటకు రండి. మట్టిగట్టుకు లారీ ఆనించి ఎక్కించే పద్ధతి, తల ఎత్తకుండా మందు తాగించే పద్ధతి, రెండూ చేసి చూపిస్తారు. మీతో తెచ్చుకోమన్న జాబితా కాగితాల్లో ‘కోళ్లు, మేకలు ఎవరివి’ అన్న గడి లేకపోతే ఇప్పుడే పెన్నుతో గీసుకోండి. ప్రశ్నలుంటే అక్కడే అడగండి.